కూర్చుని తింటే కొండలు కరుగుతాయి, కొవ్వు కరగదు

రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఒకప్పుడు రంగురంగుల బల్బులు వెలిగే తూకం యంత్రాలు ఉండేవి. ఎక్కి నిలబడి బిళ్ళ వేస్తే టక్కున ఒక అట్టముక్క బయటపడేది. ఒకవైపు బరువు, రెండోవైపు జోస్యం. జోస్యం చదివి నవ్వుకున్నవాళ్ళు కూడా బరువును మాత్రం నమ్మేవారు. ఆ యంత్రాలు దాదాపు కనుమరుగైనా ఆ నమ్మకం ఇళ్ళలోకి వచ్చి చేరింది. పొద్దున్నే గాజుపలక మీద నిలబడి, నిన్నటికంటే 300 గ్రాములు పెరిగిందని దిగులుపడేవారు, 200 గ్రాములు తగ్గిందని సంబరపడేవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఒంట్లో నిలిచిన నీరు, పేగుల్లో ఉన్న ఆహారం, రాత్రి అన్నంలో కలుపుకున్న ఆవకాయలోని ఉప్పు చాలు, ఆ అంకె అటూ ఇటూ కావడానికి. మన దేశంలో మనిషి ఆరోగ్యం గురించి తూకం చెప్పే మాటను, అట్టముక్క వెనకవైపు జోస్యంకంటే కాస్త మాత్రమే ఎక్కువగా నమ్మాలనడానికి గట్టి కారణాలే ఉన్నాయి.

ఇద్దరు డాక్టర్లు, ఒకే అంకె

2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక చిన్న ఫొటో అచ్చయింది. పక్కపక్కన నిలబడిన ఇద్దరు వైద్య పరిశోధకులు. ఒకరు పుణె కేఈఎం ఆసుపత్రికి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్. రెండోవారు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచిక, అదే అందరూ బీఎంఐ అనే అంకె, సరిగ్గా 22.3. ఏ పట్టిక చూసినా ఇద్దరూ తగిన బరువులోనే ఉన్నట్టు లెక్క. కానీ ఒంట్లోని కొవ్వును కొలిచి చూస్తే యుడ్కిన్ శరీరంలో 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం తేలింది. ఇంటిపేర్లలోని మొదటి అక్షరాన్ని బట్టి దీనికి వై-వై వైచిత్రి అని పేరు పడింది. పుస్తకాలు చెప్పలేని సంగతిని ఆ ఒక్క ఫొటో చెప్పింది. భారతీయుడు చూడటానికి సన్నగా ఉంటూనే లోపల కొవ్వు మోస్తూ ఉండవచ్చు.

ఇది పెద్దయ్యాక తిన్న బిర్యానీలతో వచ్చిన లక్షణం మాత్రమే కాదు. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పసికందులను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో పుట్టినవారితో యాజ్ఞిక్ బృందం పోల్చి చూసింది. పుణె పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, సౌతాంప్టన్ పిల్లలది 3.5 కిలోలు. మనవాళ్ళలో కండ తక్కువ, కాలేయంలాంటి పొట్టలోని అవయవాలూ చిన్నవి. చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అంటే బక్కపలచని బిడ్డ కూడా కండను వదులుకుని కొవ్వును దాచుకుని పుడుతోంది. తల్లి కడుపునిండా తినని తరాల చరిత్ర బిడ్డ ఒంట్లో ఇలా జమ అవుతోందన్నది ఆ పరిశోధకుల ఆలోచన. ఆ బిడ్డే పెరిగి, కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేస్తూ, మూడు పూటలా అన్నమో ఇడ్లీయో తింటే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు.

బీఎంఐ అనే సూత్రం వయసు దాదాపు రెండు వందల ఏళ్ళు. 19వ శతాబ్దం మొదట్లో బెల్జియం గణితవేత్త అడాల్ఫ్ కెట్లే సగటు మనిషి ఎలా ఉంటాడో తెలుసుకోవడానికి దాన్ని కట్టాడు. ఆయనకు వైద్యంతో పని లేదు. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు. జనాభా మొత్తాన్ని అంచనా వేయడానికి అది పనికొస్తుంది. ఒక మనిషి ఒంట్లో కండెంత, కొవ్వెంత, ఆ కొవ్వు ఎక్కడుంది అంటే అది నోరు మెదపదు. అందుకే 2009లో మన దేశ నిపుణులు భారతీయుల కోసం గీతను కిందికి జరిపారు. బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. ప్రపంచమంతా వాడే గీతలు 25, 30. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదన్నారు. 2025 జనవరిలో లాన్సెట్ నియమించిన అంతర్జాతీయ నిపుణుల సంఘం కూడా, బీఎంఐ ఒక్కదాన్నే చూసి ఊబకాయాన్ని నిర్ధారించవద్దనీ, నడుము కొలతో నేరుగా కొవ్వు కొలతో తోడుండాలనీ తేల్చింది.

అంకెలు ఈ మాటనే బలపరుస్తున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి తరఫున దేశమంతటా సాగిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. పెద్దవారిలో బీఎంఐ లెక్కన ఊబకాయం ఉన్నవారు 28.6 శాతం. నడుము లెక్కన ఊబకాయం ఉన్నవారు 39.5 శాతం. తూకం పట్టుకోలేనివారిని టేపు పట్టుకుంటోంది. అదే అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు, దాని గుమ్మంలో నిలబడినవారు 13.6 కోట్లు.

కాబట్టి తూకం యంత్రానికి ఇచ్చే గౌరవంలో సగం దర్జీ టేపుకి ఇస్తే మంచిది. అడుగు పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా కొలవాలి. ఈ చివరి షరతు దగ్గరే చాలామంది మగవాళ్ళు దొరికిపోతారు. ప్యాంటు సైజు 34 అని చెప్పుకునేవారు దాన్ని బొజ్జ కింద కట్టుకుంటున్నారని గమనించాలి. సెంటీమీటర్లు గుర్తుండకపోతే, నడుము చుట్టుకొలత ఎత్తులో సగం దాటకూడదన్న చిన్న లెక్క చాలు.

జనపనార మిల్లు దగ్గర తెలిసిన సంగతి

ఒళ్ళు చేసినవారిని చూసి తిండిపోతులని తేల్చేయడం లోకానికి అలవాటు. ఈ తీర్పును డెబ్భై ఏళ్ళ కిందటే మన దేశంలో జరిగిన ఒక పరిశోధన ప్రశ్నించింది. దురదృష్టం ఏమిటంటే దాని గురించి విదేశీ విశ్వవిద్యాలయాల్లో చెప్పుకున్నంతగా ఇక్కడ చెప్పుకోరు.

పశ్చిమ బెంగాల్‌లో హుగ్లీ నది ఒడ్డున చెంగైల్‌లో ఒక పెద్ద జనపనార మిల్లు ఉండేది. పోషకాహార శాస్త్రవేత్త జాన్ మేయర్ అక్కడ పూర్ణిమా రాయ్, కామాఖ్య ప్రసాద్ మిత్రలతో కలిసి 213 మంది మగవారి తిండినీ బరువునూ పనినీ లెక్కగట్టాడు. ఫలితాలు 1956లో అచ్చయ్యాయి. ఆ మిల్లులో అన్నిరకాల పనులూ ఉన్నాయి. బస్తాలు మోసేవారు, బొగ్గు ఎత్తేవారు, కమ్మరులు, నేతగాళ్ళు, గుమాస్తాలు, చివరికి రోజంతా కదలకుండా కూర్చునే దుకాణదారులు. తేలికపాటి పని నుంచి కాయకష్టం దాకా చూస్తే లెక్క సజావుగానే ఉంది. పని పెరిగేకొద్దీ తిండి పెరిగింది, బరువు మాత్రం పెరగలేదు. ఆకలి తన పని తాను చక్కగా చేసింది. తేడా వచ్చింది కూర్చునేవారి దగ్గర. పని తగ్గింది కనుక వారి తిండీ తగ్గాలి. తగ్గలేదు సరికదా, బస్తాలు మోసేవారితో సమానంగా పెరిగింది. బరువూ వారిదే ఎక్కువ.

దీని అర్థం చాలా లోతైనది. ఒంట్లో ఆకలిని సరిచూసే త్రాసు ఒకటుంది. అది నమ్మకంగా పనిచేయాలంటే మనిషికి కనీసంగా కొంత కదలిక ఉండాలి. ఆ కదలిక ఒక హద్దు కిందికి పడిపోతే త్రాసు ముల్లు గతి తప్పుతుంది. అప్పుడు మనిషి తిండిపోతు కావడంలేదు, ఆకలి అతనికి తప్పుడు కబురు చెబుతోంది. మన పెద్దలు కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు. వారు మాట్లాడింది ఆస్తి గురించి. చెంగైల్ దుకాణదారుల విషయంలో కరగకుండా మిగిలింది కొవ్వు.

దాదాపు ఆ రోజుల్లోనే లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల్లో పనిచేసేవారిని గమనించాడు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజుకు దాదాపు 600 మెట్లు ఎక్కి దిగుతాడు. హైదరాబాదులో డబుల్ డెక్కర్లు తిరిగిన రోజుల్లో వాటి మెట్లెక్కినవారు ఆ శ్రమను ఊహించగలరు. 1953లో మోరిస్ అచ్చువేసిన లెక్కల ప్రకారం కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ, వచ్చినా ఆలస్యంగా వచ్చింది, ప్రాణం మీదికి తెచ్చింది తక్కువ. అంతటితో ఆగకుండా మోరిస్ ఇద్దరికీ సంస్థ కుట్టించిన యూనిఫారాల కొలతలు కూడా తెప్పించి చూశాడు. డ్రైవర్ల నడుములు ఉద్యోగంలో చేరేనాటికే కొంత పెద్దవని తేలింది. అంటే తేడా మొత్తం మెట్ల పుణ్యమే అనడానికి లేదు. తన వాదానికే అడ్డొచ్చే ఈ సంగతిని ఆయనే స్వయంగా 1956లో ప్రచురించడం శాస్త్రానికి గౌరవం తెచ్చిన పని. ఆ తర్వాత అనేక దేశాల్లో జరిగిన పరిశోధనలు కదలికకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని నిలబెట్టాయి.

ఇప్పుడు మన దేశం సంగతి. 2000లో పెద్దవారిలో సుమారు 22 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. 2022 వచ్చేసరికి అది 49.4 శాతానికి చేరిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో ప్రకటించారు. చాలినంత అంటే వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. రోజుకు 20 నిమిషాల చురుకైన నడకకు కాస్త ఎక్కువ, అంతే. అదీ సగం దేశానికి లేదు. ఒకే తరంలో ఇంతమంది సోమరులైపోయారా? వరికోతకు యంత్రం వచ్చింది, చెరువుగట్టు దాకా నడిచే దారికి మోటారు సైకిల్ వచ్చింది, మూడో అంతస్తుకు లిఫ్టు, కిరాణా కొట్టుకు ఫోన్‌లో యాప్ వచ్చాయి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే మేలే. అన్నీ కలిసి రోజులోంచి కదలికను ఎత్తుకుపోయాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అమ్మమ్మలు రోట్లో రుబ్బేవారు, తిరగలి విసిరేవారు, అందుకే సన్నగా ఉండేవారు అనే మాట ఊరూరా వినిపిస్తుంది. అనేవారిలో ఎక్కువమంది ఎన్నడూ పొత్రం పట్టని మగవారు. ఆ రోలూ రోకలీ ఆడవాళ్ళ నడుములు విరిచాయి. కోయంబత్తూరులో పుట్టిన వెట్ గ్రైండర్ వారికి చేసిన ఉపకారం చిన్నది కాదు. దాన్ని వెనక్కి తీసుకోవాలనడం శాస్త్రమూ కాదు, న్యాయమూ కాదు. పోయిన శ్రమ స్థానంలో ఆరోగ్యకరమైన కదలికకు సమయం వారి చేతికి వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న. రాలేదు. చాలినంత శ్రమ లేనివారు మగవారిలో 42 శాతమైతే ఆడవారిలో 57 శాతం. మరోవైపు 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనుల్లో పాల్గొనే ఆడవారు రోజుకు 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పొయ్యి దగ్గర నిలబడటం, అంట్లు తోమడం, పిల్లల వెంట పడటం అలసట తెస్తాయి. కానీ వాటిలో ఎక్కువభాగం గుండె వేగాన్ని పెంచే శ్రమ కాదు. అలసిపోవడం వేరు, వ్యాయామం వేరు. రోజంతా పనిచేస్తూనే ఉంది కదా, ఇంకా నడకెందుకు అనే ఇంటిపెద్దకు ఈ తేడా ఎవరో ఒకరు చెప్పాలి.

నడిచినా తగ్గలేదెందుకు

నెలరోజులు క్రమం తప్పకుండా నడిచి, తూకంలో మార్పు లేదని విసుగెత్తి మానేసినవారు కోకొల్లలు. వారికి ఎవరూ ముందే నిజం చెప్పకపోవడమే ఇందులో పొరపాటు. 65 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 నుంచి 130 కేలరీలు. పోపులో వేసే పెద్ద చెంచాడు నూనెలో దాదాపు అంతే శక్తి ఉంటుంది. నడక ముగించి పార్కు గేటు దగ్గర రెండు మిరపకాయ బజ్జీలు తింటే ఖాతాలో అప్పే మిగులుతుంది.

శరీరం ఇంకో మెలిక కూడా పెడుతుంది. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హడ్జా ప్రజల శక్తి వ్యయాన్ని హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో కొలిచింది. రోజూ మైళ్ళకొద్దీ నడిచే ఆ మనుషులు ఖర్చుచేసే మొత్తం శక్తి, శరీర పరిమాణాన్ని సరిచూశాక, కుర్చీల్లో కూర్చునే పాశ్చాత్యుల ఖర్చుకు దగ్గరగానే ఉంది. శ్రమ పెరిగితే శరీరం ఇతర పద్దుల్లో కోత పెట్టి సర్దుకుంటుందన్నది పాంట్జర్ వాదం. ఎంతవరకు అలా సర్దుకుంటుందన్నదానిపై చర్చ ఇంకా సాగుతోంది. కానీ వ్యాయామం ఒక్కదానితోనే బరువు బాగా తగ్గదన్నది మాత్రం చాలా పరిశోధనల్లో తేలిన మాట. అదే శాస్త్రవేత్త మరెందరితోనో కలిసి 2021లో ఇంకో అపోహను కూడా తీర్చాడు. పసికందుల నుంచి 95 ఏళ్ళవారి వరకు 6,400 మందికి పైగా కొలిచి చూస్తే, శరీర పరిమాణాన్ని సరిచూసిన జీవక్రియ వేగం 20 నుంచి 60 ఏళ్ళ దాకా దాదాపు నిలకడగానే ఉంది. నలభై దాటితే ఒంట్లో మంట తగ్గుతుంది, అందుకే బొజ్జ అనే సాకు ఇక చెల్లదు.

మరి నడక దేనికి? దీనికి జవాబు చెన్నైలో ఉంది. ఎ. రామచంద్రన్ నాయకత్వంలో మధుమేహపు గుమ్మంలో ఉన్న 531 మందిని నాలుగు గుంపులుగా చేసి సుమారు మూడేళ్ళు గమనించారు. ఫలితాలు 2006లో వచ్చాయి. మామూలు సలహా మాత్రమే పొందిన గుంపులో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. తిండి మార్చుకుని, కదలని ఉద్యోగాల్లో ఉన్నవారు రోజూ కనీసం అరగంట నడిచిన గుంపులో 39.3 శాతం మందికే వచ్చింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారికి దక్కిన మేలూ దాదాపు అంతే. అసలు విశేషం మరొకటుంది. జీవనశైలి మార్చుకున్నవారి బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. తూకం ముల్లు కదలకుండానే జబ్బు వెనక్కి తగ్గింది. మన దేశంలో నడక మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ మొదటి రోజునే చెప్పవలసిన ఫలితం ఇది. తూకాన్ని మాత్రమే చూసుకుని ఉంటే ఆ మనుషులూ నడక వృథా అనుకుని మానేసేవారు.

ఇలా జరగడానికి కారణం కండల్లో ఉంది. తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలోకి వచ్చాక దాన్ని ఎక్కువగా లోపలికి తీసుకునేవి కండరాలే. కదిలే కండ ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజును లాక్కుంటుంది. అందువల్ల భోజనం కాగానే పదిహేను నిమిషాలు వరండాలో పచార్లు చేయడం మంచి అలవాటు. పుట్టుకతోనే కండ తక్కువైన మనకు కండ పెంచుకోవడం ఇంకా అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ నడకతోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండలకు బలమిచ్చే వ్యాయామాలు చెప్పింది. ఈ రెండో సగాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. దానికి జిమ్ సభ్యత్వం, మెరిసే బూట్లు అక్కర్లేదు. బడిలో శిక్షగా తీయించిన గుంజిళ్ళు చక్కటి తొడల వ్యాయామం. మోకాళ్ళు సహకరించనివారు కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోవచ్చు. గోడకు చేతులానించి చేసే దండీలు అరవై ఏళ్ళ ఆవిడ కూడా చేయగలదు. వయసు మళ్ళాక జారిపడి తుంటి విరగ్గొట్టుకోకుండా కాపాడేది ఈ బలమే.

పదివేల అడుగుల లెక్క గురించి కూడా ఒక మాట. ఆ అంకె ప్రయోగశాలలో పుట్టలేదు. 1965 ప్రాంతంలో జపాన్ కంపెనీ ఒకటి అడుగులు లెక్కించే పరికరాన్ని అమ్ముతూ దానికి పదివేల అడుగుల మీటరు అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. సగటున 72 ఏళ్ళున్న 16 వేలకు పైగా అమెరికా మహిళలపై 2019లో వచ్చిన పరిశోధనలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 అడుగులు వేసేవారిలో మరణాలు 41 శాతం తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా లేదు. పదివేలు కాలేదని మంచమెక్కేముందు గదిలో గిరగిరా తిరగనక్కర్లేదు. రెండు వేలు నడిచేవారు నాలుగు వేలకు చేరితే అదే గొప్ప.

కంచం, సూది

తూకం ముల్లును కదిలించేది ప్రధానంగా కంచమే. ఇక్కడ మన ఇబ్బంది ఎంత తింటున్నామన్నదానికంటే ఏ పాళ్ళలో తింటున్నామన్నదానిలో ఎక్కువగా ఉంది. ఇండియాబ్ పరిశోధకులు 2025లో చూపిన లెక్క ప్రకారం మన రోజువారీ శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. దక్షిణాదిలో ఆ పని తెల్లటి పాలిష్ బియ్యానిది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ధాన్యాల వాటా 45 శాతం మించవద్దంటున్నాయి. పప్పులూ మాంసం చేపలూ కలిపి 14 శాతం ఇవ్వవలసి ఉండగా ఇస్తున్నది 6 నుంచి 9 శాతమే. తెలుగింటి భోజనంలో ఇది కంటికి కనిపిస్తుంది. పప్పన్నం అంటాం కానీ కంచంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు. అన్నం మానేయమనడం దండగ, ఎవరూ మానరు. అన్నానికి పప్పు కాక, పప్పుకు అన్నం కలుపుకున్నట్టు పాళ్ళు మారితే చాలు. గుడ్డు, పెరుగు, శనగలు, పెసలు, కూర రెట్టింపు. మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ మార్పులకు ముందు డాక్టరును అడగాలి.

దీనికి బదులు జనం వెతుక్కునేవి అద్భుతాలు. ఒక ఏడాది కొబ్బరినూనె, ఇంకో ఏడాది కషాయం, మరో ఏడాది చిరుధాన్యాలు. చిరుధాన్యాలు మంచివే. కానీ కొర్రలైనా కంచం నిండా తింటే అవీ పిండిపదార్థాలే. గబగబా తగ్గిన బరువు ఏమవుతుందో అమెరికా టీవీ పోటీ ‘ది బిగ్గెస్ట్ లూజర్’ చూపించింది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షిస్తే చాలామంది బరువు తిరిగొచ్చింది. వారి శరీరాలు ఉండవలసినదానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చుచేస్తున్నాయి. పొట్ట మాడ్చినందుకు శరీరం అంతకాలం పగబట్టింది. నిద్రను కూడా మరవరాదు. తక్కువ నిద్రపోయేవారిని గంటకు పైగా ఎక్కువ పడుకోబెడితే, వారు తమకు తెలియకుండానే రోజుకు సగటున 270 కేలరీలు తక్కువ తిన్నారని 2022 నాటి ఒక ప్రయోగం తేల్చింది.

2025లో మన మార్కెట్‌కు వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లు మాత్రం అద్భుతాల జాబితాలోవి కావు. గట్టి పరీక్షలకు నిలిచినవి. సెమాగ్లుటైడ్ వాడినవారు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఊబకాయం ప్రాణాంతకమైనవారికి అవి వరమే. వారిని చూసి బద్ధకస్తులని పెదవి విరవడం తగదు. అయితే ఆపేసిన ఏడాదిలో తగ్గినదానిలో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. పైగా కొవ్వుతోపాటు కొంత కండా కరుగుతుంది. కండ ముందే తక్కువైన దేశంలో పెళ్ళి ఫొటోల కోసం ఈ సూది వేసుకునే వేలంవెర్రి మొదలైతే దాని ఖర్చు డబ్బుతో తీరదు.

నడవడానికి చోటేది

ఆరోగ్యం గురించిన ప్రతి ప్రచారం చివరికి మనిషి మనోబలం దగ్గరకే వస్తుంది. పొద్దున్నే లేవండి, నడవండి, నూనె తగ్గించండి. మాటలు మంచివే. కానీ పొద్దున్నే లేచి నడవబోయిన మనిషికి ఎదురయ్యేవి ఏమిటి? ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన టిఫిన్ బండి, ఆ పక్కన నిలిపిన కార్లు, మూత లేని మ్యాన్‌హోలు, వీధికుక్కలు. ఆడపిల్లకైతే చీకట్లో వెంటపడే బైకులు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32 వేలకు పైమాటే. ఇలాంటి రోడ్డు మీద నడవమని సలహా ఇచ్చి, నడవనందుకు తప్పుపట్టడం ఏ న్యాయం?

రోడ్లు వాహనాల కోసం కాదు, మనుషుల కోసం అని జాతీయ పట్టణ రవాణా విధానం 2006లోనే చెప్పింది. ఆటంకాలు లేని ఫుట్‌పాత్ పాదచారికి రాజ్యాంగం 21వ అధికరణ కింద దక్కే హక్కని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండు మాటల మధ్య పందొమ్మిదేళ్ళు గడిచాయి, ఫ్లైఓవర్లు లేచాయి, ఫుట్‌పాత్‌లు సన్నగిల్లాయి. కొత్త అపార్ట్‌మెంట్లలో గుమ్మం దాటగానే లిఫ్టు కనిపిస్తుంది, మెట్లు ఎక్కడో మూల చీకట్లో చెత్తబుట్టల వెనక ఉంటాయి. బడుల్లో ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసుకుంటారు, అందుకు తల్లిదండ్రులు సంతోషిస్తారు. చెంగైల్ దుకాణదారు తన కొట్టులో కూర్చోవాలని ఎంచుకోలేదు, అది అతని బతుకుతెరువు. ఇప్పటి కాల్‌సెంటర్ ఉద్యోగి, క్యాబ్ డ్రైవరు, ఇంటర్ హాస్టల్లో పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా బెంచీకి అతుక్కున్న పిల్లవాడు కూడా అంతే. ఆ పిల్లవాడికి రోజుకు గంట మైదానం ఇవ్వని కాలేజీకి అనుమతి ఇవ్వకూడదనడం అతివాదం కాదు. పదిహేడేళ్ళకే కదలడం మరచిన ఒంటికి ముప్పైయేళ్ళకు చక్కెర పరీక్ష చేయడంకంటే అది చవక.

ప్రభుత్వం చేతిలో సాధనాలు లేవని కాదు. పల్లెల్లో ముప్పైయేళ్ళు దాటినవారి ఇంటికి ఆశా కార్యకర్త ఒక ఫారంతో వస్తుంది. అందులో బరువు గడి లేదు, నడుము కొలత గడి ఉంది. ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే మార్కులు పడతాయి. వయసు, పొగాకు, కుటుంబంలో జబ్బుల మార్కులు కూడా కలిపి నాలుగు దాటితే ముందుగా పరీక్షలకు పంపుతారు. నిపుణుల సంఘాలు లాన్సెట్‌లో చెప్పిన దాన్ని ఆమె చేతిసంచిలోని టేపు ముందే ఆచరిస్తోంది. వారానికి కనీసం 150 నిమిషాలు శారీరక శ్రమ చేస్తున్నారా అన్న ప్రశ్న కూడా ఆ ఫారంలో ఉంది. లేదంటే ఒక మార్కు. ఆ ఇంటి చుట్టుపక్కల నడవడానికి చోటుందా, సాయంత్రం ఆడవాళ్ళు అటు వెళ్ళగలుగుతున్నారా, వీధిదీపం వెలుగుతోందా అని పంచాయతీనో మునిసిపాలిటీనో అడిగే ఫారం ఇంకా తయారు కాలేదు.